తొమ్మిదింటికి పడుకోబెట్టడం మానేయండి

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు, కొరిటెపాడు. రెండో అంతస్తులో ఫ్లాటు. బాబుకి ఆరేళ్లు. మూడున్నరేళ్లప్పుడు ఆటిజం అన్నారు. కొన్ని మాటలే వస్తాయి. రాత్రి తొమ్మిదింటికి లైటు తీసేసి పక్కన పడుకుంటాను. పన్నెండున్నర దాకా వాడికి నిద్ర రాదు. పరుపు మీద గెంతుతాడు, తనలో తానే నవ్వుకుంటాడు, దిండు కొరుకుతాడు. చివరికి ఫోను ఇస్తే చూస్తూ చూస్తూ నిద్రపోతాడు. మూడింటికి లేచి మళ్లీ ఫోను కావాలంటాడు. పావు తక్కువ ఏడుకి లేపితే ఏడుపు. స్కూలు నుంచి వచ్చాక మాత్రం మూడున్నర నుంచి ఐదున్నర దాకా ఒళ్లు తెలియకుండా పడుకుంటాడు. పెరుగన్నం, బిస్కెట్లు, బంగాళదుంప వేపుడు తప్ప ఏమీ తినడు. మోషన్ మూడు రోజులకోసారి. నోరు తెరుచుకుని పడుకుంటాడు, గురక కూడా వస్తుంది. మావారికి మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం, ఇంటికొచ్చేసరికి పది దాటుతుంది. అత్తయ్య దిష్టి అంటారు. అమెరికాలో ఉన్న తమ్ముడు నిద్ర కోసం వాడే మెలటోనిన్ గమ్మీలు (నమిలే తియ్యటి బిళ్లలు), బరువు దుప్పటి పంపిస్తానంటున్నాడు. వాడొచ్చా? మొన్న రాత్రి రెండింటికి వాణ్ణి కొట్టాను. తర్వాత బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. నా పెంపకంలోనే లోపం ఉందా?

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదానికి ముందు చెప్తాను. లోపం మీ పెంపకంలో లేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో నూటికి యాభై నుంచి ఎనభై మందికి నిద్ర ఇబ్బంది ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అంతమంది తల్లులకి ఒక్కసారే పెంపకం చేతకాకుండా పోదు కదా.

ఇక కొట్టిన సంగతి. నేనూ కొట్టాను. మావాడికి ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. వాడికి ఐదేళ్లప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో మేడమీద వాటాలో అద్దెకుండేవాళ్లం. అర్ధరాత్రి వీడు గెంతుతుంటే కింద ఇంటివాళ్లు చీపురుకర్రతో కప్పు మీద పొడిచేవాళ్లు. ఆ చప్పుడు వీడికి ఆటలా తోచి ఇంకా గట్టిగా గెంతేవాడు. ఒక రాత్రి తట్టుకోలేక వీపు మీద ఒకటి వేశాను. వాడు ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని మళ్లీ తన వీపు మీదే పెట్టి నొక్కుకున్నాడు. వాడికి కావలసింది ఆ ఒత్తిడేనని అర్థం కావడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. మీరు కోపంతో కాదు, నిద్ర లేక కొట్టారు. అందుకే వాడి నిద్రతో పాటు మీ నిద్ర గురించీ రాస్తాను.

ముందు లెక్క చూద్దాం. పన్నెండున్నర నుంచి పావు తక్కువ ఏడు దాకా ఆరుంపావు గంటలు. మధ్యాహ్నం రెండు గంటలు. మొత్తం ఎనిమిదింపావు, అందులో మూడింటి మెలకువ పోగా మిగిలినంత. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు కావాలని అమెరికన్ అకాడెమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. అంటే మీవాడికి నిద్ర తక్కువైన మాట నిజమే, కానీ మీరు భయపడుతున్నంత తక్కువేం కాదు. అసలు చిక్కు ఏమిటంటే ఉన్న నిద్ర రాత్రి ఉండాల్సిన చోట లేదు. రెండు గంటలు సాయంత్రంలోకి జారిపోయింది.

నిద్ర కూడా ఆకలిలాంటిదే. మెలకువగా ఉన్నకొద్దీ పెరుగుతుంది, కాస్త కునుకు తీస్తే తగ్గుతుంది. ఐదున్నరకి నిద్ర లేచిన పిల్లాణ్ణి తొమ్మిదింటికి పడుకోమంటే, సాయంత్రం ఐదింటికి కడుపునిండా ఉప్మా తిన్నవాణ్ణి ఏడింటికి విస్తరి ముందు కూర్చోబెట్టినట్టే. తినడు, విస్తరితో ఆడుకుంటాడు. మీవాడు పరుపుతో ఆడుకుంటున్నాడు, అంతే తేడా. పైగా రోజూ మూడున్నర గంటలు అలా ఆడుకోవడంతో పరుపంటే గెంతే చోటు అని వాడి బుర్రలో పడిపోయింది. మన పిల్లలకి ఒక చోటుకీ ఒక పనికీ ముడి పడితే ఎంత గట్టిగా పడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

అందుకే తొమ్మిదింటికి పడుకోబెట్టడం మానేయండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, మీ అత్తగారు నన్ను తిట్టుకుంటారు కూడా. అయినా చెప్తున్నాను. వాడికి నిజంగా నిద్ర వచ్చే వేళ ఏదో, ఇప్పటికి అదే పడుకునే వేళ. మీ ఇంట్లో అది సుమారు పన్నెండుంపావు. అంతవరకూ వాణ్ణి పడకగదిలోకి రానివ్వకండి. హాల్లోనే, తక్కువ వెలుతురులో, గోల లేని ఆటలతో ఉంచండి. పన్నెండుంపావుకి పరుపు మీదకి తీసుకెళ్తే ఇరవై నిమిషాల్లో నిద్రపోవాలి. వరసగా మూడు రాత్రులు అలా నిద్రపోతే నాలుగో రాత్రి పన్నెండింటికి తీసుకెళ్లండి. మళ్లీ మూడు రాత్రులు. మళ్లీ పావుగంట ముందుకి. పన్నెండుంపావు నుంచి పావు తక్కువ పదికి రావాలంటే పది మెట్లు, మెట్టుకి మూడు రాత్రులు. కాగితం మీద అది నెల. నిజం ఇంట్లో, మధ్యలో ఒక పెళ్లీ ఒక జ్వరమూ కలిపి, రెండు నెలలు అనుకోండి. ఏదైనా మెట్టు దగ్గర రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోతే వెనక్కి ఒక మెట్టు దిగండి. అది ఓటమేం కాదు.

ఇది పని చెయ్యాలంటే ఉదయం లేచే వేళ మాత్రం కదలకూడదు. రాత్రి ఎన్నింటికి పడుకున్నా పావు తక్కువ ఏడు అంటే పావు తక్కువ ఏడే. ఆదివారమైనా, పండగైనా. "పాపం, రాత్రంతా నిద్ర లేదు, ఇంకాసేపు పడుకోనీ" అని తాతయ్యలే అడ్డం వస్తారు. ఆ జాలికి మీరు ఆ రాత్రి రెండు గంటలు వడ్డీ కట్టాలి. లేవగానే డాబా మీదకి తీసుకెళ్లి ఓ పావుగంట ఎండలో ఉండనివ్వండి. మన ఒంట్లో గడియారానికి తాళం చెవి ఉదయపు వెలుతురే. అది ఎంత ముందు పడితే రాత్రి నిద్ర అంత ముందుకి జరుగుతుంది.

సాయంత్రం నిద్ర సంగతి. ఒక్కసారిగా తీసేస్తే ఇల్లు రణరంగం అవుతుంది. రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున తగ్గించుకుంటూ అరగంటకి తీసుకురండి, అదీ నాలుగు దాటకుండా. లేపేటప్పుడు పిలిచి ప్రయోజనం ఉండదు. వాడికి ఇష్టమైనదేదో ఎదురుగా ఉండాలి. మావాడికి బాల్కనీలో నీళ్ల టబ్బు, రెండు స్టీలు గ్లాసులు. నీళ్ల చప్పుడు వినగానే కళ్లు తెరిచేవాడు. స్కూలు వ్యాన్‌లో కూడా నిద్రపోతుంటే ఆయమ్మకి చెప్పి కిటికీ పక్కన కూర్చోబెట్టించండి. ఐదింటికల్లా బయటికి తీసుకెళ్లండి. మీకు బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం దగ్గరే కదా, అక్కడ పరిగెత్తనివ్వండి. గెంతడం వాడికి కావాలి. అది సాయంత్రం నేల మీద తీరిపోతే రాత్రి పరుపు మీద తగ్గుతుంది. ఏడు దాటాక మాత్రం తోయడాలు, ఎగరెయ్యడాలు, చక్కిలిగింతలు వద్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? మే నెలలో. యార్డుకి వేసవి సెలవులు, స్కూలుకీ సెలవులే. మీవారు ఇంట్లో ఉండే రోజులు ఏడాదిలో అవే. మొదటి పది రోజులు ఇద్దరు పెద్దవాళ్లు లేకుండా ఈ పని నడవదు. పన్నెండుంపావు దాకా కూర్చుని, మళ్లీ మూడింటికి లేచి, పొద్దున్నే టిఫిన్ చేయడం ఒక్క మనిషి వల్ల కాదు. ఎండలు మండే నెల కాబట్టి గది చల్లబడే ఏర్పాటు ముందే చూసుకోండి. కూలరో ఏసీయో ఉంటే దాని ఏకధాటి చప్పుడు మేలే చేస్తుంది, వీధిలో బైకులూ కుక్కలూ వినపడకుండా కప్పేస్తుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు ఆ నిశ్శబ్దానికి లేచే పిల్లలు చాలామంది. ఇన్వర్టర్‌కి ఆ గది ఫ్యాను తగిలించి ఉందో లేదో ఒకసారి చూడండి.

ఫోను గురించి ఈ ఒక్క విషయం అర్థమైతే మూడింటి మెలకువకి మందు దొరికినట్టే. ప్రతి మనిషికీ రాత్రిలో నాలుగైదుసార్లు పైపైన మెలకువ వస్తుంది. దిండు సర్దుకుని మళ్లీ పడుకుంటాం, పొద్దున్నకి గుర్తుండదు. మీవాడికీ మూడింటికి వచ్చేది అదే మెలకువ. అయితే వాడు నిద్రలోకి జారినప్పుడు చేతిలో ఫోను ఉంది. కళ్లు తెరిచేసరికి లేదు. మీరు మంచం మీద పడుకుని వంటింట్లో మెలకువ వస్తే ఎలా ఉంటుందో వాడికి అలా ఉంటుంది. అందుకే నిద్రలోకి వెళ్లేటప్పుడు ఏవి ఉంటాయో అవే తెల్లారేదాకా ఉండాలి. ఫ్యాను చప్పుడు, దోమతెర, పక్కన మీరు, గుప్పిట్లో వాడి గుడ్డముక్క. ఇవి మూడింటికీ ఉంటాయి. బైకు మీద ఒక రౌండు వేసి నిద్రపుచ్చే నాన్నల గురించి కూడా ఇదే చెప్తాను. నిద్ర వస్తుంది, నిజమే, కానీ మూడింటికి మళ్లీ బైకు తియ్యాలి.

ఫోను ఒక్కరోజులో లాక్కోకండి. పడకకి గంట ముందు అది ఛార్జింగుకి వెళ్లిపోవాలి, రోజూ అదే చోట, వాడు చూస్తుండగా. బొమ్మల వెలుతురు ఒక ఇబ్బంది. దానికన్నా పెద్ద ఇబ్బంది అందులో ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావడం. ఆగడం తెలియని పిల్లలకి ఆగడం తెలియని వస్తువు ఇస్తున్నాం. మొదటి మూడు నాలుగు రోజులు ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఐదో రోజు మీరు జాలిపడి ఇచ్చారా, ఇంకొంచెం గట్టిగా ఏడిస్తే వస్తుందని వాడు నేర్చుకుంటాడు. అంత ఓపిక ఇప్పుడు లేదనుకుంటే, మేలో మీవారు పక్కనుండే వరకూ ఈ పని మొదలే పెట్టకండి.

మూడింటికి లేస్తే ఏం చెయ్యాలి? వీలైనంత తక్కువ. లైటు వెయ్యకండి, జీరో బల్బు చాలు. "ఇంకా రాత్రి, పడుకో" అని రోజూ అవే రెండు మాటలు. తిండి వద్దు, కబుర్లు వద్దు, తిట్లు అసలే వద్దు. తనలో తాను కూనిరాగం తీసుకుంటూ పడుకుని ఉంటే వదిలేసి మీరు కళ్లు మూసుకోండి. వాడు నిద్రపోవాలని ఏమీ లేదు, పరుపు మీద ఉంటే చాలు అనుకుంటే మీ గుండెదడ తగ్గుతుంది. కానీ ఆ నమ్మకంతో పడుకోవాలంటే ఇల్లు భద్రంగా ఉండాలి. రెండో అంతస్తు అన్నారు. వీధి తలుపుకి వాడికి అందని ఎత్తులో ఇంకో గడియ, బాల్కనీ తలుపుకి తాళం, గ్యాసు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపెయ్యడం. ఈ మూడూ ఇవాళే చెయ్యండి, మే దాకా ఆగకండి. మన పిల్లలు అర్ధరాత్రి చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్లిపోవడం ఉంది.

ఇప్పుడు మీ ఇంటి సాయంత్రం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను. హాల్లో తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు, టీవీలో సీరియల్, కుక్కర్ విజిల్, పదింటికి నాన్న రాక. ఇల్లు బాగా వెలిగేదే పిల్లాడు పడుకోవాల్సిన వేళకి. చీకటి పడితేనే మెదడు మెలటోనిన్ వదులుతుంది, దాంతోనే ఒంటికి రాత్రి అయిందని తెలుస్తుంది. ఆటిజం ఉన్న కొందరు పిల్లల్లో అది తక్కువగా ఊరుతుందని పరిశోధనల్లో కనిపించింది. ఉన్న కాస్తనీ ట్యూబులైటు ఆపేస్తే ఎలా? పడకకి గంటన్నర ముందు నుంచి హాల్లో పసుపు బల్బు ఒక్కటే ఉంచండి. సీరియల్ ఆపమని అత్తగారిని అడిగే ధైర్యం నాకే లేదు, మీకు చెప్పను. టీవీని వాళ్ల గదిలోకి మార్చి తలుపు దగ్గరగా వేస్తే చాలు.

మీవారి సంగతి వేరు. యార్డు నుంచి వచ్చిన మనిషి బట్టల్లో మిర్చి ఘాటు మీకు అలవాటై తెలియదు. చొక్కా గుండీల వాసన కూడా పట్టేసే పిల్లాడికి అది అలారం మోగినట్టే. వాడు అసలే నోరు తెరుచుకుని పడుకుంటాడని రాశారు, ఆ దుమ్ము ఇంకా ఇబ్బంది. ఆయన రాగానే బట్టలు బయట బుట్టలో వేసి, స్నానం చేశాకే వాడి దగ్గరికి రావాలి. వచ్చాక ఎత్తుకుని ఎగరెయ్యడం కాకుండా కాళ్లు నొక్కే పని ఆయనకి అప్పగించండి. పాదాల నుంచి తొడల దాకా, అరచేత్తో, నెమ్మదిగా, గట్టిగా. పైపైన నిమిరితే చాలామంది పిల్లలకి చిరాకు, గట్టిగా నొక్కితే హాయి. దిండు కొరకడం కూడా ఇలాంటి ఒత్తిడి కోసమే అయ్యుండొచ్చు. పడకకి ముందు జంతికలాంటిది గట్టిగా కొరికే తిండి ఏదైనా ఇచ్చి చూడండి. రోజంతా బిడ్డ మొహం చూడని తండ్రికి ఈ పది నిమిషాలు చాలా పెద్దవి. మావారు ఈ పని పన్నెండేళ్లు చేశారు.

ఇవన్నీ రోజూ ఒకే వరసలో జరగాలి. మాటలు తక్కువున్న పిల్లాడికి "ఇంకాసేపట్లో పడుకుందాం" అంటే ఏమీ అర్థం కాదు. చూస్తే అర్థమవుతుంది. మీ ఇంటి బాత్రూమ్ మగ్గు, వాడి రాత్రి చొక్కా, టూత్‌బ్రష్, నాన్న చేతులు, పరుపు, వీటికి మీ ఫోనుతోనే ఫొటోలు తీసి, జిరాక్సు షాపులో ప్రింటు తీయించి లామినేషన్ చేయించండి. గోడకి వాడి కళ్ల ఎత్తులో వరసగా అంటించండి. ఒక్కో పని అవగానే ఆ బొమ్మ వాడే తీసి డబ్బాలో వెయ్యాలి. ఇంటర్నెట్ బొమ్మలు వద్దు, పరాయి మగ్గు వాడికి మగ్గు కాదు. ఐదు బొమ్మలు మించనివ్వకండి. స్నానం పడకకి గంట ముందైతే మంచిది. గోరువెచ్చని నీళ్లు పోసుకున్నాక ఒళ్లు చల్లబడుతూ నిద్ర వస్తుంది. మేలో మీకు గీజరు ఖర్చు కూడా లేదు, సాయంత్రం ట్యాంకు నీళ్లు కాగినట్టే వస్తాయి. పోసేముందు చేత్తో చూడండి.

పిల్లాణ్ణి వేరే గదిలో ఒక్కణ్ణే పడుకోబెట్టాలని ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంటుంది. మన ఇళ్లలో పిల్లలు తల్లిదండ్రుల పక్కనే పడుకుంటారు, అందులో తప్పేమీ లేదు. మీరు పక్కన ఉండటం సమస్య కాదు. ఉండి ఏం చేస్తున్నారన్నదే చూసుకోవాలి. మాట్లాడకుండా, వాడి వైపు చూడకుండా, మీరూ నిద్రపోతున్నట్టు ఉండండి. వాడి చోటు మాత్రం మారకూడదు, రోజూ అదే గోడ పక్క, అదే దిండు. కొత్త దుప్పటి వేసేముందు రెండుసార్లు ఉతకండి, చొక్కాల మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్ కత్తిరించండి. దోమల బిళ్ల వాసన పడనివాళ్లకి దోమతెర మంచిది, చాలామందికి అది చిన్న గుడారంలా ధైర్యాన్నిస్తుంది.

దిష్టి గురించి అత్తగారితో వాదించకండి. రోజూ ఒకే వేళకి ఉప్పుతో దిగదుడవమనండి. అదీ రోజూ జరిగే వరసలో ఒకటి అవుతుంది, పిల్లాడికి వేళ తెలుస్తుంది, ఆవిడకి తృప్తి. ఒక్క షరతు, ఎండుమిరపకాయలు నిప్పుల్లో వెయ్యకూడదు. గుంటూరు మిరపకాయ కోరుకి తెల్లవార్లూ తుమ్ముతూ కూర్చుంటాడు.

ఇదంతా మొదలుపెట్టేముందు మీ పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మాటలు రాని పిల్లాడు నొప్పిని నిద్రలేమితోనే చెప్తాడు. మీ ఉత్తరంలో నాకు మూడు విషయాలు కనిపించాయి. మూడు రోజులకోసారి మోషన్ అంటే మలబద్ధకం. కడుపు బిగిసి ఉన్న పిల్లాడు పడుకోగానే ఇబ్బంది పడతాడు. ఇది తగ్గితే నిద్ర సగం చక్కబడిన పిల్లల్ని చూశాను. రెండోది గురక, నోరు తెరిచి పడుకోవడం. ముక్కు వెనక ఎడినాయిడ్స్ గానీ, టాన్సిల్స్ గానీ పెరిగి ఊపిరికి అడ్డం పడుతున్నాయేమో ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. నిద్రలో ఊపిరి కాసేపు ఆగి, ఉలిక్కిపడి మళ్లీ తీసుకుంటున్నాడేమో గమనించండి. మూడోది తిండి. పెరుగు, బిస్కెట్లు, దుంపల్లో ఐరన్ అంతంతమాత్రమే. ఐరన్ నిల్వలు తగ్గితే పడుకున్నాక కాళ్లలో ఏదో పాకుతున్నట్టు ఉండి, కదపకుండా ఉండలేరు. బయటికి అది గెంతులాటలా కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నిల్వలు తక్కువుండొచ్చు, కాబట్టి ఫెరిటిన్ పరీక్ష చేయించమంటారా అని డాక్టర్‌ని అడగండి. మీ అంతట మీరు ఐరన్ టానిక్ పట్టకండి, మలబద్ధకం ముదురుతుంది.

రాత్రిపూట వెనక దురద పెట్టుకుంటుంటే నులిపురుగులు అయ్యుండొచ్చు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న స్కూల్లో వేసే ఆల్బెండజోల్ మాత్ర మీవాడు మింగాడా, ఉమ్మేశాడా అని టీచర్‌ని అడగండి. ఇంకొకటి కాస్త జాగ్రత్తగా చూడాల్సింది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఫిట్స్ మామూలు పిల్లల్లోకన్నా ఎక్కువ, కొందరికి నిద్రలోనే వస్తాయి. ఒళ్లు బిగుసుకోవడం, ఒకే రకంగా కొట్టుకోవడం, నోటి పక్క నురగ, పిలిచినా పలకకపోవడం లాంటివి చూస్తే వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. ఐదు నిమిషాలు దాటినా తగ్గకపోతే వీడియో సంగతి వదిలేసి ఆసుపత్రికి వెళ్లిపోండి.

సాయంత్రం పాలలో టీ కలిపి ఇచ్చే అలవాటుంటే ఆపండి. టీ, కాఫీ, కోలా మన ఇళ్లలో పిల్లలకి లెక్క లేకుండా వెళ్తాయి, బిస్కెట్ టీలో ముంచి పెట్టడం తాతల హక్కు. నాలుగు తర్వాత ఆ హక్కు రద్దు చెయ్యండి.

తమ్ముడి పార్శిల్ దగ్గరికి వద్దాం. మెలటోనిన్ విషం కాదు, అలాగని మిఠాయి కూడా కాదు. మన మెదడులో పీనియల్ గ్రంథి తయారుచేసే హార్మోను అది. నిద్ర త్వరగా పట్టడానికి పనికొస్తుంది, మధ్యరాత్రి మెలకువలకి అంతగా పనికిరాదు. అమెరికన్ అకాడెమీ ఆఫ్ న్యూరాలజీ 2020లో ఇచ్చిన సూచనల్లో ఆటిజం ఉన్న పిల్లలకి ముందు అలవాట్లు మార్చి చూడమన్నారు. దాంతో సరిపోకపోతే మెలటోనిన్ తక్కువ మోతాదులో, 1 నుంచి 3 మిల్లీగ్రాములతో, పడకకి అరగంట నుంచి గంట ముందు మొదలుపెట్టమన్నారు. కొందరికి తలనొప్పి, పొద్దున మత్తు ఉంటాయి. ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. మీ డాక్టర్ రాస్తే భయపడకుండా వాడండి. గమ్మీలు మాత్రం వద్దు. అమెరికాలోనే 25 రకాల గమ్మీలు పరీక్షిస్తే 22 రకాల్లో సీసా మీద రాసిన లెక్కకీ లోపలి మందుకీ పొంతన లేదు. ఒకదాంట్లో రాసినదానికి మూడు రెట్లకి పైగా ఉంది, ఇంకొకదాంట్లో అసలు మెలటోనినే లేదు. 2023లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. పైగా తియ్యగా ఉంటాయి, పిల్లాడు డబ్బా ఖాళీ చేస్తాడు. ఇంకా వయసైనవాళ్లు "దగ్గు మందు ఒక చెంచా పట్టు, పడుకుంటాడు" అంటారు. వద్దు. ఆ మత్తు నిద్ర కాదు, కొందరు పిల్లలకి దాంతో ఉద్రేకం ఇంకా పెరుగుతుంది.

బరువు దుప్పటి మీద 2014లో బ్రిటన్‌లో 67 మంది ఆటిజం పిల్లలతో పరీక్ష చేశారు. బరువున్న దుప్పటికీ మామూలు దుప్పటికీ నిద్రలో తేడా కనిపించలేదు. పిల్లలకీ తల్లిదండ్రులకీ మాత్రం అది నచ్చింది. అంటే హాయిగా ఉండొచ్చు, నిద్ర మాత్రం పెరగదు. గుంటూరు మే నెలలో దాని కింద పిల్లాణ్ణి ఊహించుకుంటేనే నాకు చెమట పడుతోంది. మీ తమ్ముడికి ఆ ఐదు కిలోల లగేజీ మిగిలితే వేరే ఏదైనా తెమ్మనండి. డిసెంబరులో అమ్మమ్మ కుట్టిన బొంత ఉంటే కాళ్ల మీద వేసి చూడండి, తనంతట తాను తీసెయ్యగలిగేలా.

ఇప్పుడు మీ నిద్ర. రాత్రిని రెండుగా కొయ్యండి. రెండింటి దాకా ఒకరి వంతు, రెండు తర్వాత ఇంకొకరిది. వంతు కానివాళ్లు వేరే గదిలో తలుపు మూసుకుని పడుకోవాలి. వినపడుతున్నా లేవకూడదు, అదే కష్టం. యార్డు సీజన్‌లో ఆయనకి రోజూ కుదరదు, నిజమే. కనీసం శనివారం రాత్రి పూర్తిగా ఆయనది. ఆయన చేస్తే వాడు ఇంకా ఏడుస్తాడని మీకు అనిపిస్తుంది. మొదట ఏడుస్తాడు. తర్వాత నాన్న పద్ధతి నాన్నది అని తెలుసుకుంటాడు. చెయ్యి లేవబోతున్నట్టు అనిపించిన రాత్రి వాణ్ణి పరుపు మీద వదిలి, గది బయటికి వచ్చి, మొహం కడుక్కుని, అత్తగారిని లేపండి. మామూలుగా ఆవిడ మిమ్మల్ని ఏమన్నా, ఆ వేళకి లేస్తారు. ఏ వేళైనా మనసు మరీ బరువెక్కితే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలిమానస్, ప్రభుత్వం నడిపేది, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడతారు.

మే రాకముందే ఒక పని మొదలుపెట్టండి. వంటింట్లో గోడకి తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, పాల లెక్క రాసుకునేది. రేపటి నుంచి ప్రతి తేదీ గడిలో నాలుగు అంకెలు రాయండి: పరుపు ఎక్కిన వేళ, నిద్రపోయిన వేళ, లేచిన వేళ, మధ్యాహ్నం ఎంతసేపు. మోషన్ అయిన రోజు ఒక చుక్క. నిద్రపోయే వేళ నేను పన్నెండున్నర అనుకుని ఇంత లెక్క చెప్పాను. రాస్తే అది పదకొండున్నర కావచ్చు, ఒంటిగంటా కావచ్చు. దాన్నిబట్టే మొదటి మెట్టు మార్చాలి. రెండు వారాలయ్యాక ఆ పేజీ ఫొటో తీసి పంపండి. పెన్సిల్‌తో రాయకండి, ఫొటోలో నాకు కనపడదు. పాల లెక్క ఇంకెక్కడైనా రాసుకోండి.